నేల, నీరు, చీకటి ఆకాశం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పెరుగుతున్న పల్లె ప్రాంతాల్లో పొలాలు, బావులు, రాత్రి ఆకాశం ఏమైపోతున్నాయని అడుగుతూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, ఏడింటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చాను. తక్కిన ప్రశ్నలన్నీ ఏదో ఒక దారిన దాని దగ్గరికే వస్తాయి కాబట్టి అలా చేయక తప్పలేదు.

ప్రశ్న: మా ప్రాంతానికి పెద్ద రహదారి వచ్చిన పదేళ్లలో పొలాలు ప్లాట్లయ్యాయి, బోర్లు అడుగంటాయి, రాత్రిపూట చుక్కలు పలచబడ్డాయి. నేల కోసం ఒక సంఘం, నీటి కోసం ఒక సంఘం, దీపాల విషయమై మరో సంఘం పనిచేస్తున్నాయి. ఎవరి పనీ ముందుకు సాగడం లేదు. ముందుగా దేన్ని పట్టుకోవాలి?

జవాబు: మీ మూడు సంఘాలూ వేర్వేరు పనులు చేస్తున్నామనుకుంటున్నాయి గానీ, మీరందరూ నిలబడి ఉన్నది ఒకే ఎకరం మీద. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది సరిగ్గా ఒక లీటరు అవుతుంది కాబట్టి, 25 మిల్లీమీటర్ల మంచి వాన ఒక్కటి పడితే ఆ ఎకరం మీదికి లక్ష లీటర్లకు పైగా నీరు దిగుతుంది. ఆ ఎకరం పొలంగానో, పచ్చికబీడుగానో ఉన్నంతకాలం ఆ నీటిలో చాలా భాగాన్ని మట్టి తాగుతుంది. కొంత వేర్లకు అందుతుంది, కొంత మెల్లగా కిందికి జారి బావులకూ వాగులకూ ఊటగా మారుతుంది. అదే ఎకరం రోడ్డుగా, పైకప్పుగా, సిమెంటు వాకిలిగా మారిన నాడు ఆ లక్ష లీటర్లలో చాలావరకు గంట తిరక్కముందే కాలువలో పడి, దిగువనున్న వీధులను ముంచి, వాగు గట్లను కోసుకుంటూ వెళ్లిపోతాయి. వానాకాలంలో ముంపు, ఎండాకాలంలో ఎండిన బోరు అంటూ మనం విడివిడిగా చెప్పుకునే రెండు కష్టాలూ చాలాచోట్ల ఆ ఒక్క మార్పు నుంచే పుడతాయి. ఇక ఆ రోడ్డు పక్కన లేచే దీపస్తంభాలే మీ చుక్కలను మింగేస్తున్నాయి. కాగితం మీద గీసిన ఒక్క లేఅవుట్ గీతతో మూడూ కలిసే పోతున్నాయి.

ఒక వాగు పరీవాహక ప్రాంతంలో నీరు ఇంకని కప్పు, అంటే రోడ్లూ ఇళ్లూ పేవ్‌మెంట్లూ కలిపి, పదో వంతు దాటితే ఆ వాగు ఆరోగ్యం చెడడం మొదలవుతుందని వాగులను పరిశీలించినవారు గమనించారు. పదో వంతు అంటే చూపుకు ఇంకా పల్లెలాగే కనిపించే దశ. అక్కడక్కడా ఇళ్లు, మధ్యలో బోలెడు ఖాళీ, దూరంగా చెట్లు. కంగారు పడాల్సిన అవసరం ఇంకా రాలేదని అందరూ అనుకునే ఆ సమయంలోనే నష్టం మొదలవుతుంది. దానికి తోడు, ఏ ఒక్క అనుమతీ విడిగా చూస్తే పెద్ద తప్పుగా కనిపించదు. ఇక్కడ నాలుగెకరాలు, అక్కడ పదెకరాలు, మలుపు దగ్గర ఒక గోదాము. వీటన్నిటినీ కలిపి ఒకే పటం మీద చూసే బాధ్యత ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఈ మూడింటిలో పోయినది తిరిగి రావడానికి పట్టే కాలం ఒకేలా ఉండదు. ఆకాశం సంగతి అన్నిటికన్నా సులువు. దీపం ఆర్పిన క్షణాన దాని వెలుగు గాలిలో మిగలదు. ఆ రాత్రే చుక్కలు తిరిగి కనిపిస్తాయి. నీటికి ఏళ్లు పడుతుంది. పైపొర బావులు రెండు మూడు మంచి వానాకాలాలకు కోలుకోవచ్చు గానీ, లోతు రాతి పొరల్లోని నీరు కొన్నిచోట్ల వేల ఏళ్ల క్రితం ఇంకినది. నేల మాత్రం మనిషి ఆయుష్షుతో లెక్కపెట్టగలిగేది కాదు. రెండు మూడు సెంటీమీటర్ల పైమట్టి తయారు కావడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చునని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. మట్టిని పక్కన పెట్టినా, వంద ఎకరాల కమతాన్ని వెయ్యి ప్లాట్లుగా కోసి వెయ్యి దస్తావేజులు రాశాక, ఆ వెయ్యిమందినీ ఒకచోట కూర్చోబెట్టి దాన్ని మళ్లీ ఒక పొలం చేయగలిగినవారు ఎవరూ ఉండరు.

అందుచేత నా సలహా ఇది. పని దీపాలతో మొదలుపెట్టండి. బలమంతా నేల మీద ఖర్చుపెట్టండి. దీపాల పని చవక, ఫలితం అదే వారంలో కనిపిస్తుంది. పైగా ఒక వీధివాళ్లు కలిసి ఒక చిన్న విషయంలో ఒప్పందానికి రావడమంటే ఏమిటో అందరికీ అలవాటవుతుంది. ఆ అలవాటు లేకుండా నీటి పంపకం గురించి మాట్లాడడానికి కూర్చుంటే మొదటి సమావేశంలోనే తగవులు మొదలవుతాయి. అయితే దీపాల విజయం చూసి అక్కడే ఆగిపోకూడదు. మూడు సంఘాలూ కలిసి ముందుగా ఒక పటం తయారు చేయండి. 1960లలో ఇయాన్ మెక్‌హార్గ్ అనే ప్రణాళికావేత్త వాలు, మట్టి, నీటిదారులు, అడవి వంటి వివరాలను విడివిడి పారదర్శక పత్రాల మీద గీసి, ఒకదాని మీద ఒకటి పరిచి చూసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. ఈనాటి కంప్యూటర్ పటాలు పొరలు పొరలుగా ఉండడం వెనక ఆ ఆలోచనే ఉంది. మీ పటంలో నీరు బాగా ఇంకే నేలలు, వాగుల ఒడ్లు, మిగిలి ఉన్న పెద్ద కమతాలు, ఇంకా చీకటిగా ఉన్న చోట్లు వేయండి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పడిన చోటు కనిపిస్తుంది. ముందు కాపాడవలసింది ఆ చోటునే. ఇళ్లు కట్టుకోదగిన చోటు ఏదో కూడా అదే పటం చెబుతుంది. అది చెప్పకుండా వద్దు వద్దనే సంఘాన్ని ఎవరూ ఎక్కువకాలం వినరు.

ప్రశ్న: నా స్థలంలో నేను బోరు వేసుకుని నీళ్లు తోడుకుంటే పక్కవారికి అభ్యంతరం ఎందుకు? నా నేల కిందనున్న నీరు నాది కాదా?

జవాబు: ఇదే ప్రశ్న 1904లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. డెనిసన్ అనే ఊళ్లో ఈస్ట్ అనే గృహస్థు ఇంటి అవసరాలకు వాడుకుంటున్న బావి పక్కన ఒక రైల్వే కంపెనీ పెద్ద బావి తవ్వి, ఇంజన్ల కోసం రోజుకు 25,000 గ్యాలన్లు, అంటే సుమారు 95,000 లీటర్లు, తోడడం మొదలుపెట్టింది. ఈస్ట్ బావి ఎండిపోయింది. భూమి లోపల నీరు ఎలా కదులుతుందో ఎవరికీ తెలియదనీ, తన నేలలో తోడుకునే హక్కు యజమానికి ఉందనీ చెప్పి, న్యాయస్థానం రైల్వే పక్షాన తీర్పు ఇచ్చింది. రోజూ తోడిన ఆ నీరు, పైన చెప్పిన లెక్కలో ఒక ఎకరం మీద కురిసే ఒక మంచి వానతో దాదాపు సమానం. ఏ ఎకరం మీదా రోజూ అంత వాన కురవదు. కాబట్టి ఆ బావిలోకి వచ్చింది చుట్టుపక్కల ఎన్నో ఎకరాల నీరు అని మనకు ఈనాడు సులభంగానే తెలుస్తుంది. నీరు ఎలా కదులుతుందో తెలియదనే మాటకు ఇప్పుడు కాలం చెల్లింది. మీ బోరు మోటారు నడిచినంతసేపు దాని చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది, ఆ గరాటు అంచు మీ హద్దురాయి దగ్గర ఆగదు.

అదే రాష్ట్రంలోని సున్నపురాయి కొండల మధ్య, వింబర్లీ దగ్గర, జేకబ్స్ వెల్ అనే సహజమైన ఊట ఉంది. అది 2000 సంవత్సరంలో, తెలిసిన చరిత్రలో మొదటిసారిగా, పారడం మానేసింది. ఆ తరువాత కూడా పలుమార్లు ఆగిపోయింది. అనావృష్టి ఒక కారణమైతే, వేగంగా పెరిగిన జనావాసాల కోసం ఆ ఊటకు నీరిచ్చే భూగర్భ పొర నుంచే తోడడం మరో కారణం. సున్నపురాయి నేలల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడ నీరు మట్టిలో వడపోత పడకుండా పగుళ్లలోంచి నేరుగా కిందికి దూకుతుంది కాబట్టి, పైన ఒలికిన నూనె, మురుగు కూడా అంతే తొందరగా ఊటలోకి చేరతాయి.

అయితే ఈ కథకు ఇంకో ముగింపు కూడా సాధ్యమేనని చూపిన ఉదాహరణలు ఉన్నాయి. లాస్ ఏంజెలిస్ దగ్గర వెస్ట్ బేసిన్ అనే తీర ప్రాంతంలో ఎడాపెడా తోడడం వల్ల సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకురావడం మొదలైతే, తోడేవారే 1940లలో సంఘంగా ఏర్పడి, చర్చల ద్వారా, న్యాయస్థానం సాయంతో, ఎవరు ఎంత తగ్గించుకోవాలో తేల్చుకున్నారు. దూరం నుంచి తెచ్చిన నీటిని కొంత వాడుకుంటూ, తీరం వెంబడి మంచినీటిని భూమిలోకి ఎక్కించి ఉప్పునీటిని అడ్డుకున్నారు. ఎలినార్ ఆస్ట్రమ్ తన డాక్టరేట్ పరిశోధనకు ఎంచుకున్నది ఈ పరిణామాన్నే. ఉమ్మడి వనరులను జనం ఎలా నడుపుకుంటారన్న అధ్యయనానికి ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రాజస్థాన్‌లోని అర్వరీ నది ఒడ్డు గ్రామాలవారు కూడా, జోహడ్‌లనే మట్టికట్టల కుంటలతో నీటిని నిలిపి నదిని మళ్లీ పారించుకున్నాక, నీటి వాడకానికి తామే నియమాలు పెట్టుకోవడానికి ఒక నదీ సంసద్‌ను, అంటే నది కోసం ఒక సభను, ఏర్పరచుకున్నారు. వెస్ట్ బేసిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఏమిటంటే, ఎవరు ఎంత తోడారన్న లెక్క ఏటా అందరి ముందుకూ వచ్చేది. పక్కవాడు మోసం చేయడం లేదన్న నమ్మకం కలగకపోతే, తాను తగ్గించుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

మీరు రేపే చేయగలిగినది ఒకటి ఉంది. తెల్లవారుజామున, మోటారు వేయకముందు, కొలత గుర్తులున్న తాడుకు చిన్న బరువు కట్టి బావిలోకి వదలండి. బరువు నీటిని తాకినప్పుడు చప్పుడు వినిపిస్తుంది, చేతిలో తాడు ఒక్కసారిగా తేలికవుతుంది. ఒడ్డు దగ్గర తాడును వేళ్లతో బిగించి పట్టుకుని, పైకి లాగి, తడిసిన చోటు నుంచి వేళ్లున్న చోటు దాకా కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాసుకోండి. బోరు గొట్టంలో మోటారు తీగలుంటే తాడు చిక్కుకోవచ్చు కాబట్టి, అక్కడ ఈ పని మెకానిక్ సాయంతో చేయాలి, లేదా వాడకంలో లేని బోరును ఎంచుకోవాలి. నెలకు ఒకసారి, పది ఇళ్లవారు, రెండేళ్ల పాటు ఇలా రాస్తే, మీ నీటి గురించి మీ దగ్గరున్నంత సమాచారం ఏ కార్యాలయంలోనూ ఉండకపోవచ్చు.

ప్రశ్న: మాకు అరవై ఎకరాల భూమి ఉంది. నా తరువాత ముగ్గురు పిల్లలూ దాన్ని అమ్మేసి పంచుకుంటారేమోనని భయం. పిల్లలకు అన్యాయం చేయకుండా, భూమి ముక్కలు కాకుండా చూసే మార్గం ఉందా?

జవాబు: మీ భయాన్ని నేను చిన్నచూపు చూడను. వేగంగా పెరిగే ప్రాంతాల్లో చాలా పొలాలు చేతులు మారేది యజమాని మనసు మారినందువల్ల కాదు, ఆయన పోయిన తరువాత వారసులకు వేరే దారి కనిపించనందువల్ల. అందుకే మీరు మొదట చేయవలసింది పిల్లలు ముగ్గురినీ ఆ పొలంలోనే కూర్చోబెట్టి మాట్లాడడం. ఎవరికి సేద్యం మీద మనసుంది, ఎవరికి డబ్బు అవసరముంది, ఎవరికి రెండూ లేక ఆ చోటు మీద మమకారం మాత్రమే ఉంది అన్నది తెలియకుండా ఏ పత్రమూ మీకు ఉపయోగపడదు.

చట్టపరంగా కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్న మార్గం కన్సర్వేషన్ ఈజ్‌మెంట్. మన మాటల్లో దీన్ని సంరక్షణ ఒప్పందం అనవచ్చు. భూమి మీద యాజమాన్యమంటే ఒకే హక్కు కాదు, సాగు చేసే హక్కు, అమ్మే హక్కు, వారసులకిచ్చే హక్కు, ముక్కలు చేసి కట్టడాలు కట్టే హక్కు వంటి ఎన్నో హక్కుల కట్ట అది. ఆ కట్టలోంచి కట్టడాల హక్కును మాత్రం యజమాని తీసి, భూములను కాపాడడానికి ఏర్పడిన ల్యాండ్ ట్రస్టు అనే సంస్థకో, ప్రభుత్వ సంస్థకో దానంగానో, వెలకో ఇచ్చేస్తాడు. ఆ సంస్థ దాన్ని వాడుకోదు; ఎవరూ వాడకుండా కాపలా కాస్తుంది. భూమి మీ పేరునే ఉంటుంది, మీరు దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాయవచ్చు. కానీ ఒప్పందంలోని నిషేధం భూమితో పాటే నడుస్తుంది, కొన్నవారికీ వర్తిస్తుంది. అమెరికాలో ఇది విస్తృతంగా ఉంది. చిలీ దేశం 2016లో ఇలాంటి హక్కును ప్రత్యేక చట్టంగా చేసింది. మీరున్న చోట ఇలాంటి చట్టం లేకపోతే, ట్రస్టు, దీర్ఘకాలిక కౌలు, కుటుంబ సభ్యులు వాటాదారులుగా ఉండే సంస్థ వంటి ఇతర రూపాలతో కొంతవరకు ఈ ప్రయోజనాన్ని సాధించవచ్చు. ఏదైనా సరే, భూమి చట్టాలు బాగా తెలిసిన, మీ పక్షాన మాత్రమే పనిచేసే న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయకండి. ఇది మీ మనవల మనవలను కూడా కట్టిపడేసే సంతకం.

దీనికి డబ్బు ఎవరిస్తారని మీరు అడుగుతారు. దిగువన ఆ నీటిని తాగేవారు ఇవ్వడమే న్యాయం, ఇచ్చిన నగరాలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ నగరం 1997లో ఎగువనున్న క్యాట్స్‌కిల్ కొండ ప్రాంతపు గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. అపారమైన ఖర్చుతో శుద్ధి కర్మాగారం కట్టే బదులు, ఇష్టపడి అమ్మేవారి దగ్గర భూములు కొనడానికీ, రైతులు పేడనీళ్లు వాగుల్లోకి పోకుండా చూసుకోవడానికీ, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికీ నగరమే డబ్బు పెట్టింది. ఈనాటికీ ఆ నగరం తాగే నీటిలో చాలా భాగం వడపోత యంత్రాలు అక్కరలేకుండానే వస్తోంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగర ఓటర్లు 2000లో తమ మీద తామే చిన్న అమ్మకపు పన్ను వేసుకోవడానికి ఒప్పుకున్నారు. తాము తాగే ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయంలోకి వాననీరు ఇంకే భూములను ఆ డబ్బుతో, భూమి కొనడం ద్వారానూ సంరక్షణ ఒప్పందాల ద్వారానూ కాపాడారు. ఆ తరువాత కూడా ఆ ఓటర్లు పదేపదే ఆ పన్నుకు మద్దతిచ్చారు, లక్షన్నర ఎకరాలకు పైగా నేల అలా నిలిచింది. రైతు త్యాగం చేయాలని ఉపన్యాసాలివ్వడం కన్నా ఇది ఎంతో గౌరవమైన పద్ధతి అని నా అభిప్రాయం.

అంతా కాపాడడం కుదరకపోతే మధ్యేమార్గమూ ఉంది. అరవై ఎకరాలను అరవై ముక్కలు చేసి ముక్కకు ఒక ఇల్లు కట్టే బదులు, పటంలో నీరు తక్కువగా ఇంకే పదిహేను ఎకరాల్లో అవే అరవై ఇళ్లను దగ్గరదగ్గరగా కట్టి, మిగిలిన నలభై ఐదింటిని ఎప్పటికీ ముక్కలు చేయకూడదని రాతపూర్వకంగా కట్టుబడవచ్చు. రోడ్డు పొడవు తగ్గుతుంది, గొట్టాల ఖర్చు తగ్గుతుంది, దీపాల సంఖ్యా తగ్గుతుంది. పిల్లలకు డబ్బు కూడా దక్కుతుంది.

ప్రశ్న: దీపాలు తగ్గిస్తే రాత్రిపూట ఆడవాళ్లు, వృద్ధులు రోడ్డు మీదికి ఎలా వస్తారు? చుక్కల కోసం మనుషుల భద్రతను పణంగా పెట్టమంటారా?

జవాబు: పెట్టమనను. ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఇవ్వలేని దీపాల ఉద్యమం ఏ ఊళ్లోనూ నిలబడదు. మీరు ఈ రాత్రి మీ వీధిలోని అతి ప్రకాశవంతమైన దీపం దగ్గరికి వెళ్లి, కొంచెం దూరంగా నిలబడి, దాని వెనకనున్న గోడ నీడలోకి చూడండి. బహుశా ఏమీ కనిపించదు. ఇప్పుడు చేయి చాపి, దీపం కంటికి తగలకుండా అరచేతిని అడ్డం పెట్టండి. గోడ, దాని పక్కన ఆపిన బండి, నిలబడిన మనిషి ఉంటే ఆ మనిషి, మెల్లగా తేలతారు. దీపం అంతే ఉంది, వెలుగూ అంతే ఉంది. కంటిని గుచ్చే జిగేలు మాత్రమే పోయింది. మీ చేయి చేసిన పనిని దీపానికి పెట్టిన రేకు కప్పు శాశ్వతంగా చేస్తుంది. నేల మీద పడాల్సిన వెలుగు నేల మీదే పడితే, తక్కువ వాట్ల దీపంతోనే దారి బాగా కనిపిస్తుంది. వయసు మళ్లినవారి కళ్లకు జిగేలు మరీ ఇబ్బంది కాబట్టి, ఈ మార్పు వల్ల ఎక్కువ మేలు కలిగేది వారికే.

2020లో దీపాల ఇంజినీర్ల సంఘమూ, చీకటి ఆకాశాల కోసం 1988 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ సంస్థా కలిసి ఐదు సూత్రాలు ఒప్పుకున్నాయి. దీపానికి స్పష్టమైన అవసరం ఉండాలి, వెలుగు కావలసిన చోటే పడాలి, అవసరానికి మించి ప్రకాశం ఉండకూడదు, అవసరమైన వేళల్లోనే వెలగాలి, వెలుగు రంగు వెచ్చగా, పసుపు వైపు ఉండాలి. చివరి సూత్రం వెనక భౌతికశాస్త్రం ఉంది. నీలి కాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలి వెలుగు 600 నానోమీటర్ల నారింజ వెలుగు కన్నా సుమారు మూడింతలు చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. ఎల్ఈడీ దీపం పెట్టె మీద వెలుగు రంగును తెలిపే కెల్విన్ అంకె రాసి ఉంటుంది; అది తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు ఉంటుంది. అది 3,000 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది అడిగి తీసుకోండి. ఫ్రాన్స్ 2018లో తెచ్చిన నియమాల్లోనూ వీధిదీపాలకు ఇంచుమించు ఇదే పరిమితి ఉంది. అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం 1958లోనే ప్రకటనల కోసం వాడే సెర్చ్‌లైట్లను నిషేధించి, 2001లో ప్రపంచంలో మొదటి చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు పొందింది. అది ఎవరూ లేని ఎడారి కాదు, విశ్వవిద్యాలయం, రైల్వే లైను, వేలాది ఇళ్లు ఉన్న ఊరు.

భద్రత కోసం పెట్టిన దీపాలను ఆర్పించే ముందు, ఎవరి భద్రత కోసమూ కాని దీపాలను లెక్కపెట్టండి. మూసిన దుకాణాల బోర్డులు, ఖాళీ లేఅవుట్ల తోరణ ద్వారాలు, ఆకాశం వైపు తిరిగిన ఫ్లడ్‌లైట్లు, తెల్లారినా వెలిగే స్తంభాలు. పని అక్కడ మొదలుపెడితే ఏ ఇల్లాలికీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: ఇంటింటా ఇంకుడు గుంతలు తవ్విస్తున్నాం. నేల ఏమైపోయినా నీటి సమస్య దానితో తీరుతుంది కదా?

జవాబు: తీరదు. తవ్వడం మంచి పనే, మానకండి. కానీ గుంత పని గుంతే చేస్తుంది, ఎకరం పని చేయలేదు. దీన్ని స్వయంగా చూడాలంటే, పదిహేను సెంటీమీటర్ల వెడల్పున్న రేకు డబ్బాను రెండువైపులా మూతలు తీసి, కొద్దిగా నేలలోకి దిగగొట్టి, అందులో 450 మిల్లీలీటర్ల నీరు పోయండి. ఆ డబ్బా లోపలి నేలకు అది 25 మిల్లీమీటర్ల వానతో సమానం. చెట్ల కింద ఆకులు కుళ్లిన నేలలో ఒకసారి, బరువైన బండ్లు తిరిగి అణగిన నేలలో ఒకసారి, గడియారం చేత్తో పట్టుకుని చూడండి. మొదటిచోట నీరు నిమిషాల్లో పోతుంది. రెండోచోట డబ్బాలో అలాగే నిలబడి, మీ ముఖం అందులో కనిపిస్తూ ఉంటుంది. పెద్ద యంత్రాలతో చదును చేసిన లేఅవుట్‌లో, తరువాత గడ్డి పెంచినా, కింద పొర చాలాకాలం అణగే ఉంటుంది. అందుకే చదును చేయకముందు ఏ నేలను ముట్టుకోకూడదో తేల్చుకోవాలని ఇంతగా చెబుతున్నాను. పైకప్పు నీరు తప్ప మురుగు నీరు, బండ్లు కడిగిన నీరు గుంతలోకి పోకుండా కూడా చూసుకోండి.

ప్రశ్న: చీకటిని కాపాడితే ఊరికి వచ్చే లాభమేమిటి? ఇదంతా ఖగోళ శాస్త్రవేత్తల గొడవ కదా?

జవాబు: లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర సుమారు 4,500 మీటర్ల ఎత్తులో ఖగోళ పరిశోధనశాల ఉంది. దాని చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు అందించారు. ఆకాశం చూడడానికి వచ్చేవారు రాత్రి ఉండక తప్పదు కాబట్టి, ఆ ఆదాయం గ్రామంలోని ఇళ్లకే చేరుతుంది. అదే ఏడాది అమెరికా, మెక్సికో సరిహద్దుకు రెండువైపులా కలిపి 15,000 చదరపు మైళ్లకు పైబడిన బిగ్ బెండ్ ప్రాంతానికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ఆ ప్రాంతంలోనే ఉన్న మెక్‌డొనాల్డ్ ఖగోళ పరిశోధనశాల వారు చమురు బావుల యజమానులతో మాట్లాడి, దీపాలను కిందికి తిప్పించడంలో చాలా కృషి చేశారు. తిప్పినందువల్ల కార్మికులకు జిగేలు తగ్గి పని సులువవుతుందన్న మాట అక్కడ బాగా పనిచేసింది.

అయితే లాభం కోసమే చీకటిని కాపాడమని నేను చెప్పను. పర్యాటకులు పెరిగితే వారి బసలకు దీపాలు, నీళ్లు, రోడ్లు కావాలి. కాపాడిన దాన్నే అవి తినేయగలవు. మిణుగురులు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికీ, వలస పక్షులు దారి తప్పకుండా ఉండడానికీ, మన ఒంట్లో నిద్రకు సంబంధించిన మెలటోనిన్ సరిగా ఊరడానికీ చీకటి కావాలి. ఇవి ఊళ్లో ఉన్న అందరి గొడవలే.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. మా ఊరి ఆకాశం నిజంగా చెడిపోతోందో లేదో నేనే కొలవగలనా?

జవాబు: తప్పకుండా కొలవగలవు. ఈ విషయంలో నీలాంటివాళ్ల కళ్లే శాస్త్రవేత్తలకు దిక్కయ్యాయి. 2011 నుంచి 2022 వరకు ప్రపంచం నలుమూలల నుంచి మామూలు జనం పంపిన 50,000కు పైగా పరిశీలనలను కలిపి చూస్తే, ఆకాశపు వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. ఆ ఫలితం 2023లో వెలువడింది. ఉపగ్రహాలు ఇంత పెరుగుదలను చూపలేదు, ఎందుకంటే వాటి కెమెరాలకు నీలి కాంతి సరిగా అందదు, అడ్డంగా పోయే వెలుగు కూడా చాలావరకు తప్పిపోతుంది. ఆ వేగంతో వెళితే, 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి సుమారు 100 మాత్రమే కనిపిస్తాయి.

నువ్వు చేయవలసింది కష్టమైన పని కాదు. చలికాలంలో, చంద్రుడు లేని, మబ్బు లేని రాత్రి ఒకటి ఎంచుకో. దీపాలకు దూరంగా, నేరుగా ఏ వెలుగూ కంట పడని చోట, పెద్దవాళ్లలో ఒకరిని తోడు తీసుకుని వెళ్లు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలైనా కావాలి, ఆ సేపు ఫోను తీయవద్దు. గొల్లకావడి అని పెద్దవాళ్లు పిలిచే మూడు చుక్కల వరుసను (ఓరియన్ నక్షత్రమండలపు నడుము) వెతుకు. దాని పైనా కిందా ఉన్న నాలుగు పెద్ద చుక్కలతో ఒక దీర్ఘచతురస్రం లాంటి ఆకారం ఏర్పడుతుంది. ఆ నాలుగింటి మధ్య, గొల్లకావడిని వదిలేసి, నీకు ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో మూడుసార్లు లెక్కపెట్టి, మధ్య అంకెను రాసుకో. తరువాత పిల్లలకోడి (కృత్తిక) గుంపు వైపు చూసి, అందులో ఎన్ని విడివిడిగా కనిపిస్తున్నాయో అది కూడా రాయి. తేదీ, సమయం, నిలబడిన చోటు, ఆ రోజు గాలిలో పొగమంచు ఉందో లేదో రాయడం మరిచిపోకు. వచ్చే ఏడాది అదే నెలలో, అదే చోట నిలబడి మళ్లీ లెక్కపెట్టు. ఈలోగా ఊళ్లో ఎక్కడైనా ఒక దీపానికి కప్పు పెట్టించగలిగితే, ఆ మర్నాటి రాత్రి కూడా వెళ్లి చూసి, ఆ అంకెను పక్కనే వేరే రంగు సిరాతో రాయి.